విశాఖ నుంచి బస్తరుకు: నాలుగు రోజుల పర్యటన



మనమందరం ప్రయాణాలు చేస్తూనే ఉంటాం. కూలికో కొలువుకో పొరుగూరు వెళ్తాం. పెళ్లికి వెళ్తాం. మొక్కు తీర్చుకోవడానికి అన్నవరమో భద్రాచలమో వెళ్తాం. ఇలాంటి ప్రయాణాల్లో మన చూపంతా చేరవలసిన చోటు మీదే ఉంటుంది. దారిలో నిద్రపోయినా నష్టం లేదు. పర్యటన చేసేవారు మాత్రం దారిలో మెలకువగా ఉండాలి. ఎందుకంటే పర్యటనలో దారే పాఠం.

ఈ పాఠంలో మనం విశాఖపట్నం నుంచి బస్తరు ప్రాంతంలోని జగదల్‌పూర్ వరకు వెళ్లి, అక్కడి చుట్టుపక్కల చూసి, నాలుగో రోజున తిరుగు రైలు ఎక్కుదాం. మీకు ఇప్పుడు వెళ్లే వీలు లేకపోవచ్చు. అయినా పటం దగ్గర పెట్టుకుని చదివితే సగం ప్రయాణం చేసినట్టే.

ఈ పాఠం చదివిన తరువాత మీరు:

• కొన్ని రోజుల పర్యటనకు దారిని, కాలాన్ని ఎలా ఎంచుకోవాలో చెప్పగలుగుతారు.
• జలపాతాలు, గుహలు ఎలా ఏర్పడతాయో సులభంగా వివరించగలుగుతారు.
• బస్తరుకూ తెలుగువారికీ ఉన్న సంబంధాలను గుర్తించగలుగుతారు.
• కొత్త చోటికి అతిథిగా వెళ్లినప్పుడు ఎలా మెలగాలో తెలుసుకుంటారు.

1. బస్తరు ఎక్కడుంది?

బస్తరు ఛత్తీస్‌గఢ్ రాష్ట్రానికి దక్షిణ భాగం. 2000 నవంబరు 1న ఆ రాష్ట్రం ఏర్పడక ముందు ఇది మధ్యప్రదేశ్‌లో ఉండేది. ఒకప్పుడు బస్తరు అంతా ఒకే జిల్లా. దాని వైశాల్యం సుమారు 39 వేల చదరపు కిలోమీటర్లు, అంటే కేరళ రాష్ట్రం కంటే కాస్త ఎక్కువ. 1998 నుంచి దానిని విడగొడుతూ వచ్చారు. ఇప్పుడది ఏడు జిల్లాలు. జగదల్‌పూర్ పట్టణం వాటిలో బస్తరు జిల్లాకు ముఖ్య కేంద్రం. ఈ ప్రాంతానికి ఒకవైపు ఒడిశా, మరోవైపు మహారాష్ట్ర, దక్షిణాన తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఉన్నాయి. అంటే బస్తరు మనకు పొరుగిల్లు.

2. దారిని ఎంచుకోవడం

కొన్ని రోజుల పర్యటనకు ఒక గీత కావాలి. నది ఒడ్డు, సముద్ర తీరం, రైలు పట్టా, ఏదైనా సరే, ఒక గీతను పట్టుకుని పోతే చూసినవన్నీ ఒకదానితో ఒకటి ముడిపడతాయి. ఐర్లండు దేశంలో అట్లాంటిక్ మహాసముద్రం ఒడ్డున, రాతి కొమ్ముల వెంట సుమారు 2500 కిలోమీటర్ల దారిని 2014లో పర్యాటకుల కోసం ఒకే మార్గంగా గుర్తించారు. అక్కడివారికి తీరమే గీత. మన పర్యటనకు రెండు గీతలున్నాయి. ఒకటి కొత్తవలస నుంచి కిరండుల్ వరకు వెళ్లే రైలు మార్గం. రెండోది ఇంద్రావతి నది.

ఈ రెండు గీతల మీదా ఏదో ఒకటి కదులుతూనే ఉంటుంది. రైలు మార్గం మీద ఇనుప ఖనిజం, నదిలో నీరు. రెండూ చివరికి మన వైపే వస్తాయి. కాబట్టి దారి పొడవునా మూడు ప్రశ్నలు వేసుకుంటూ పోదాం:

ఇది ఎక్కడి నుంచి వచ్చింది?
ఇది ఎక్కడికి పోతోంది?
దీనివల్ల ఇక్కడివారికి ఏం మిగులుతోంది?

ఈ ప్రశ్నలను మీ నోటు పుస్తకం మొదటి పేజీలో రాసుకోండి.

3. ఏ నెలలో వెళ్లాలి?

వానాకాలంలో జలపాతాలు నిండుగా ఉంటాయి. కాని నీరు ఎర్రమట్టి రంగులో ఉంటుంది. గుహల్లోకి నీరు చేరుతుంది కనుక వాటిని మూసివేస్తారు. కొండ చరియలు విరిగిపడి రైళ్లు ఆగిపోవడం కూడా ఉంది. వేసవిలో గుహలోకి వెళ్లవచ్చు, కాని జలపాతం సన్నని ధారగా మారిపోతుంది. అందుచేత నవంబరు, డిసెంబరు నెలలు అనువైనవి. అప్పటికి గుహలు తెరుస్తారు. నీరు తేటపడుతుంది, ధార కూడా మిగిలే ఉంటుంది. కొండల మీద చలి ఎక్కువ కనుక దుప్పటి తప్పనిసరి.

బస్తరు దసరా చూడాలనుకునేవారు మాత్రం ఆ పండుగ రోజులకే వెళ్లాలి. ఈ దసరాలో రావణుణ్ణి తగలబెట్టరు. ఇది దంతేశ్వరి అమ్మవారి పండుగ. శ్రావణానికి ముందు వచ్చే అమావాస్యనాడు మొదలై సుమారు 75 రోజులు సాగుతుంది. పెద్ద కొయ్య రథాన్ని ఏటా కొన్ని గ్రామాలవారు వంశపారంపర్యంగా చెక్కి తయారు చేస్తారు. ఒక్కొక్క పని ఒక్కొక్క ఊరిది, ఒక్కొక్క తెగది.

పాఠగత ప్రశ్నలు – 1
1. పర్యటనకు ఒక 'గీత' ఉండడం వల్ల లాభం ఏమిటి?
2. వానాకాలంలో గుహలను ఎందుకు మూసివేస్తారు?

4. మొదటి రోజు: కొండలెక్కే రైలు

విశాఖపట్నంలో ఉదయం బయలుదేరే కిరండుల్ పాసింజరు సాయంత్రానికి జగదల్‌పూర్ చేరుస్తుంది. దూరం మూడు వందల కిలోమీటర్లకు పైనే. వేళలు మారుతుంటాయి కనుక స్టేషనులో ముందుగా కనుక్కోండి.

కొత్తవలస, శృంగవరపుకోట దాటేవరకు చుట్టూ మైదానమే. ఆ తరువాత రైలు కొండను చుట్టుకుంటూ ఎక్కడం మొదలుపెడుతుంది. ఒకదాని వెంట ఒకటి సొరంగాలు వస్తాయి. ఈ మార్గంలో యాభైకి పైగా సొరంగాలున్నాయి. బొర్రా గుహలు దాటి, సిమిలిగుడ స్టేషను చేరేసరికి మనం సముద్ర మట్టానికి దాదాపు 1000 మీటర్ల ఎత్తున ఉంటాం. పొద్దున సముద్రపు గాలి పీల్చినవాళ్లం మధ్యాహ్నం కాకముందే కొండగాలి పీలుస్తాం. తరువాత అరకు, కోరాపుట్, జయపురం మీదుగా రైలు పడమటికి దిగుతుంది. జగదల్‌పూర్ ఎత్తు సుమారు 550 మీటర్లు.

ఇంత కష్టమైన కొండల్లో ఈ పట్టాలు ఎందుకు వేశారు? ప్రయాణికుల కోసం వేయలేదు. దంతెవాడ జిల్లాలో బైలదిల్లా కొండలున్నాయి. ఎద్దు మూపురంలా కనిపిస్తాయి కనుక ఆ పేరు వచ్చింది. అక్కడి ఖనిజంలో 65 శాతానికి పైగా ఇనుము ఉంటుంది. ఆ ఖనిజాన్ని జపాను ఉక్కు కర్మాగారాలకు అమ్మడానికి 1960లో ఒప్పందం కుదిరింది. దానిని విశాఖ రేవుకు చేర్చడానికి 1960 దశాబ్దంలో ఈ మార్గం నిర్మించారు. విశాఖ ఉక్కు కర్మాగారానికి కూడా ఖనిజం బైలదిల్లా నుంచే వస్తోంది.

ఒక్క క్షణం ఆలోచించండి. మీలో భవన నిర్మాణంలో పనిచేసేవారు ఉండవచ్చు. మీరు వంచి కట్టిన ఇనుప చువ్వ ఒకప్పుడు బస్తరు కొండలో రాయి అయి ఉండవచ్చు. మన పాసింజరు అక్కడక్కడా ఆగి గూడ్సు బండికి దారి ఇస్తుంటుంది. విసుక్కోకండి. ఆ బండి వెళ్లేటప్పుడు పెట్టెలు లెక్కపెట్టండి. ఈ దారి ఎవరి కోసమో మీకే అర్థమవుతుంది.

5. రెండో రోజు: జగదల్‌పూర్, చిత్రకోట జలపాతం

ఉదయం పట్టణం చూద్దాం. జగదల్‌పూర్ ఇంద్రావతి నదికి దక్షిణపు ఒడ్డున ఉంది. 18వ శతాబ్దంలో దల్‌పత్ దేవ్ అనే రాజు కాలంలో ఇది బస్తరు రాజధాని అయింది. ఆయన పేరుతోనే దల్‌పత్ సాగర్ అనే పెద్ద చెరువు ఉంది. రాజభవనం ఆవరణలో దంతేశ్వరి గుడి ఉంది. బస్తరు చివరి రాజు ప్రవీర్‌చంద్ర భంజ్‌దేవ్ 1966 మార్చి 25న ఈ రాజభవనంలోనే పోలీసు కాల్పుల్లో మరణించారు. ఆయనతోపాటు పలువురు ఆదివాసులు కూడా చనిపోయారు. పట్టణంలో మానవశాస్త్ర ప్రదర్శనశాల ఉంది. ఆదివాసుల పనిముట్లు, నగలు, వాద్యాలు అక్కడ చూడవచ్చు. ఊళ్లలోకి వెళ్లే ముందు దానిని చూడడం మంచిది.

బస్తరు రాజులు తమను కాకతీయ వంశీయులుగా చెప్పుకున్నారు. 1323లో ఓరుగల్లు పతనమైన తరువాత ప్రతాపరుద్రుని తమ్ముడు అన్నమదేవుడు గోదావరి దాటి వచ్చి ఇక్కడ రాజ్యం స్థాపించాడని వారి వంశకథ చెబుతుంది. దంతెవాడలో 1703 నాటి శాసనం కూడా ఆ వంశాన్ని కాకతీయులతోనే కలుపుతుంది. అయితే ఒక తేడా గమనించండి. ఆ శాసనం అన్నమదేవుని కాలం తరువాత మూడు వందల ఏళ్లకు పైగా గడిచాక వేసినది. అందుచేత అది 1703లో రాజులు ఏమని నమ్మారో చెప్పే గట్టి ఆధారం. 1323లో ఏం జరిగిందో చెప్పడానికి అంత గట్టిది కాదు. చరిత్ర చదివేటప్పుడు ఈ జాగ్రత్త ఎప్పుడూ అవసరం.

మధ్యాహ్నం చిత్రకోటకు వెళ్దాం. జగదల్‌పూర్‌కు పడమట సుమారు 38 కిలోమీటర్లు. ఇంద్రావతి నది అక్కడ గుర్రపు లాడం ఆకారంలో ఒక్కసారిగా కిందికి దూకుతుంది. ఎత్తు సుమారు 29 మీటర్లు. అంటే దాదాపు తొమ్మిదంతస్తుల మేడ ఎత్తు. వానాకాలంలో వెడల్పు సుమారు 300 మీటర్ల వరకు ఉంటుంది.

ఈ ఆకారం ఎలా వచ్చింది? ఇక్కడి రాయి ఇసుకరాయి. కోట్ల ఏళ్ల కిందట పొరలు పొరలుగా పేరుకుని గట్టిపడినది. ఇలాంటి రాయిలో నిలువు బీటలు ఉంటాయి. కింద పడిన నీరు అడుగు భాగాన్ని తొలుస్తుంది. ఆధారం పోయిన పైరాయి బీట వెంట దిమ్మలుగా విరిగి పడుతుంది. అందుకే గోడ నిటారుగా నిలుస్తుంది. నది మధ్యలో నీటి ఒత్తిడి ఎక్కువ కనుక అక్కడ కోత కూడా ఎక్కువ. నడిమి భాగం వెనక్కి జరిగి, అంచులు ముందుకు మిగిలి, లాడం ఆకారం వస్తుంది.

ఇప్పుడు మన మూడు ప్రశ్నలు. ఈ నీరు ఎక్కడిది? ఒడిశాలోని కలహండి కొండలది. ఎక్కడికి పోతోంది? సుమారు 535 కిలోమీటర్లు ప్రవహించి గోదావరిలో కలుస్తుంది. మూడో ప్రశ్నకు జవాబు కొంచెం కష్టం. ఒడిశాలో ఇంద్రావతి నీటిని ఆనకట్టలతో విద్యుత్తుకు, సాగుకు మళ్లించారు. సరిహద్దు దగ్గర జోరా అనే వాగు ఉంది. నది నీటిలో కొంత ఆ వాగులోకి జారి శబరి నది వైపు పోతుంది. దీనిపై రెండు రాష్ట్రాల మధ్య చాలాకాలంగా వాదం నడిచింది. శబరి కూడా చివరికి కూనవరం దగ్గర గోదావరిలోనే కలుస్తుంది. అంటే ఎటు పోయినా నీరు గోదావరికే చేరుతుంది. కాని మధ్యలో చిత్రకోట ధార వేసవిలో సన్నబడిపోతుంది. నది ఒడ్డున కూరగాయలు పండించేవారికీ, చేపలు పట్టేవారికీ ఆ నీళ్లే జీవనాధారం. మనకు అది ఒక దృశ్యం తగ్గడం మాత్రమే.

పాఠగత ప్రశ్నలు – 2
1. కొత్తవలస–కిరండుల్ రైలు మార్గాన్ని ముఖ్యంగా ఎందుకు నిర్మించారు?
2. చిత్రకోట జలపాతానికి లాడం ఆకారం ఎలా వచ్చింది?

6. మూడో రోజు: కాంగేర్ లోయ

జగదల్‌పూర్‌కు దక్షిణాన కాంగేర్ లోయ ఉంది. 1982లో దీనిని జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు. వైశాల్యం సుమారు 200 చదరపు కిలోమీటర్లు. ఛత్తీస్‌గఢ్ రాష్ట్ర పక్షి అయిన కొండ మైనా ఈ అడవుల్లో ఉంటుంది.

ముందుగా తీరథ్‌గఢ్ జలపాతం. ఇది చిత్రకోటకు పూర్తిగా వేరు. చిత్రకోటలో నది ఒకే దూకు దూకుతుంది. ఇక్కడ ఒక చిన్న ఏరు మెట్టు మెట్టుగా విరిగి, తెల్లని నురగై, సుమారు 90 మీటర్లు దిగుతుంది. రాతి పొరలు ఒక్కొక్కటి ఒక్కొక్క మెట్టు. నీరు తక్కువైనా ఎత్తు మూడు రెట్లు. జలపాతాన్ని ఎత్తుతోనే కొలవకూడదని, నీటి పరిమాణాన్నీ రాతినీ కలిపి చూడాలని ఈ రెండింటినీ పోల్చితే తెలుస్తుంది.

తరువాత కోటంసర్ గుహ. ఇక్కడ రాయి మారుతుంది. ఇది సున్నపురాయి. వాన నీరు గాలిలో, మట్టిలో ఉన్న కార్బన్ డై ఆక్సైడును కలుపుకుని కొద్దిగా పులుపెక్కుతుంది. ఆ నీరు సున్నపురాయి బీటల్లో దిగుతూ రాయిని కరిగిస్తుంది. లక్షల ఏళ్లకు బీట సందవుతుంది, సందు గుహ అవుతుంది. పైకప్పు నుంచి కారే చుక్క తనలోని సున్నాన్ని కొంచెం అక్కడ, కొంచెం నేల మీద వదులుతుంది. పైనుంచి వేలాడేవి, కింది నుంచి లేచేవి అలా పెరుగుతాయి. ఈ పెరుగుదల చాలా నెమ్మది. మనం చేత్తో తాకితే ఒంటి జిడ్డు అంటుకుని ఆ పెరుగుదల దెబ్బతింటుంది. అందుకే తాకవద్దని చెబుతారు.

1950 దశాబ్దంలో శంకర్ తివారీ అనే శాస్త్రజ్ఞుడు ఈ గుహను పరిశోధించారు. లోపలి నీటిలో కళ్లు బాగా క్షీణించిన చిన్న చేపలున్నాయి. చీకట్లో తరతరాలుగా బతికిన జీవికి చూపు అవసరం తగ్గిపోయింది. గుహలోకి మార్గదర్శి లేకుండా వెళ్లనివ్వరు. దారి ఇరుకు, గాలి తక్కువ. ఉబ్బసం, గుండెజబ్బు ఉన్నవారు బయటే ఆగడం మంచిది.

ఈ అడవికి మరో కథ ఉంది. బ్రిటిషు పాలనలో బస్తరు అడవుల్లో పెద్ద భాగాన్ని 'రిజర్వు' చేసి, పోడు వ్యవసాయాన్నీ, అటవీ ఫలసాయం సేకరణనూ అడ్డుకోవాలని చూశారు. 1910లో ఆదివాసులు తిరగబడ్డారు. దానిని 'భూమ్‌కాల్' అంటారు. నేతానార్ గ్రామానికి చెందిన ధుర్వా తెగ యువకుడు గుండాధుర్ దానికి నాయకుడు. అక్షరాలు లేని ఊళ్లకు కబురు ఎలా పంపారో చూడండి. మామిడి కొమ్మ, మట్టి ముద్ద, మిరపకాయలు, బాణం ఒక ఊరి నుంచి మరో ఊరికి చేతులు మారాయి. చదువు రాని మనిషికి తెలివి లేదనుకునేవారికి ఇదొక జవాబు.

7. నాలుగో రోజు: బార్సూర్, దంతెవాడ

ఉదయాన్నే బయలుదేరి గీదం మీదుగా బార్సూర్ వెళ్దాం. నాగవంశపు రాజుల కాలంలో ఇది పెద్ద పట్టణం. ముప్ఫైరెండు స్తంభాల శివాలయం, మామా–భాంజా గుడి, ఒకే చోట ఉన్న రెండు రాతి గణపతులు ఇక్కడ ముఖ్యమైనవి. బార్సూర్‌లో 11వ శతాబ్దపు తెలుగు శాసనం దొరికింది. నన్నయ భారతం రాస్తున్న శతాబ్దంలోనే ఇంద్రావతి ఒడ్డున రాతి మీద తెలుగు చెక్కారన్న మాట.

అక్కడి నుంచి దంతెవాడ. శంకిని, డంకిని అనే రెండు ఏర్లు కలిసేచోట దంతేశ్వరి గుడి ఉంది. ఒడ్డున నిలబడి నీటి రంగు చూడండి. శంకిని బైలదిల్లా వైపు నుంచి వస్తుంది. గనుల మట్టి కొట్టుకువచ్చి ఈ ఏరు ఎర్రబడుతోందని ఒడ్డున ఉన్న ఊళ్లవారు ఎన్నో ఏళ్లుగా మొర పెట్టుకున్నారు. మొదటి రోజు రైల్లో చూసిన ఖనిజం, రెండో రోజు చూసిన నీరు ఇక్కడ ఒకచోట కలిశాయి. ఎందుకంటే శంకిని–డంకిని నీరు ఇంద్రావతిలోకే పోతుంది. మన రెండు గీతలు ఇక్కడ ముడిపడ్డాయి.

గనుల వల్ల ఇక్కడివారికి ఏమీ రాలేదనడం సరికాదు. కొందరికి ఉద్యోగాలు వచ్చాయి. రోడ్లు, ఆసుపత్రులు, బడులు వచ్చాయి. జగదల్‌పూర్ దగ్గర నగర్నార్‌లో ఉక్కు కర్మాగారం 2023లో మొదలైంది. కాని ఖనిజం పోయినంత వేగంగా ఇక్కడివారికి చదువు, ఉద్యోగం అందలేదన్నది కూడా నిజమే. 2005 తరువాత దక్షిణ బస్తరులో హింస పెరిగినప్పుడు వేల కుటుంబాలు ఊళ్లు వదిలి ఖమ్మం, గోదావరి జిల్లాల అడవుల్లోకి వచ్చాయి. మన మిరప తోటల్లో కాయలు కోసే కూలీల్లో వారూ ఉన్నారు. మీరు వారి పక్కన పనిచేసి ఉంటే, వారు ఏ నది ఒడ్డు నుంచి వచ్చారో ఇప్పుడు మీకు తెలుసు.

దంతెవాడ స్టేషనులోనే విశాఖకు తిరుగు రైలు ఎక్కవచ్చు.

8. అతిథి మర్యాద

బస్తరులో హల్బీ, గోండి, ధుర్వా, దోర్లీ వంటి భాషలు మాట్లాడతారు. వీటిలో గోండి, ధుర్వా మన తెలుగు కుటుంబానికి చెందినవే. గోండిలో 'ఏర్' అంటే నీరు. మనం 'ఏరు' అంటాం. వారి 'కన్' మన కన్ను. వారి 'మర' మన మాను. ఇలాంటి మాటలు అడిగి తెలుసుకోండి. నవ్వు, మాట రెండూ కలుస్తాయి.

• అడగకుండా ఎవరి ఫోటో తీయవద్దు. ఇంటిముందు నిలబడిన మనిషి ప్రదర్శనశాలలోని వస్తువు కాదు.
• వారపు సంతకు తప్పక వెళ్లండి. చింతపండు, ఇప్పపువ్వు, సారపప్పు అమ్మకానికి వస్తాయి. అడవిలో రోజంతా ఏరిన పిడికెడు సారపప్పుకు గీచి బేరం చేయవద్దు.
• ఏ ఊరిలో ఏ వారం సంతో, ఏ దారి సురక్షితమో జగదల్‌పూర్‌లోనే కనుక్కోండి. అధికారులు వద్దన్న దారిలో వెళ్లవద్దు.
• గుడి, దేవర అడవి, ఊరి పండుగ, వీటిలోకి పిలిస్తేనే వెళ్లండి.

ఖర్చు లెక్క: రైలు, బస్సు, బస, తిండి, ప్రవేశ రుసుము, అనుకోని ఖర్చు అని ఆరు గడులు గీసుకోండి. నలుగురు కలిసి వెళ్తే జీపు అద్దె తలా కొంత పడుతుంది. తిరుగు ప్రయాణం డబ్బు వేరే జేబులో ఉంచండి.

పాఠగత ప్రశ్నలు – 3
1. సున్నపురాయి గుహలోని ఆకారాలను ఎందుకు తాకకూడదు?
2. మన రెండు 'గీతలు' ఎక్కడ కలిశాయి? ఎలా?

మీరు ఏం నేర్చుకున్నారు?

కొన్ని రోజుల పర్యటనకు ఒక దారి, ఒక అనువైన కాలం, కొన్ని ప్రశ్నలు కావాలి. చిత్రకోట, తీరథ్‌గఢ్, కోటంసర్ మూడూ నీరూ రాయీ కలిసి చేసిన పనులే. రాయి మారితే ఆకారం మారింది. బస్తరు నుంచి నీరు, ఇనుము, మనుషులు తెలుగు నేలకు వచ్చారు. వాటి వెంట వెనక్కి నడిచినప్పుడే ఆ సంబంధం మనకు తెలుస్తుంది.

చేసి చూడండి

మీ ఇంట్లో ఉన్న ఒక వస్తువును తీసుకోండి. ఇనుప గరిటె, చింతపండు, తునికాకు బీడీ, ఏదైనా సరే. పైన చెప్పిన మూడు ప్రశ్నలకు జవాబులు కనుక్కుని పది వాక్యాలు రాయండి. అంగడివారిని, పెద్దవారిని అడగండి. ఈ పనికి రైలు టిక్కెట్టు అక్కరలేదు.

పాఠగత ప్రశ్నలకు జవాబులు

1.1: చూసినవన్నీ ఒకదానితో ఒకటి ముడిపడి అర్థమవుతాయి.
1.2: లోపలికి నీరు చేరుతుంది కనుక.
2.1: బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి.
2.2: నది మధ్యలో కోత ఎక్కువై నడిమి భాగం వెనక్కి జరగడం వల్ల.
3.1: ఒంటి జిడ్డు అంటుకుని వాటి పెరుగుదల దెబ్బతింటుంది.
3.2: దంతెవాడలో. గనుల వైపు నుంచి వచ్చే శంకిని ఏరు డంకినితో కలిసి ఇంద్రావతిలోకి పోతుంది.